కాకులు పగబట్టిన సర్వేయరు

డేటా అబద్ధమాడదని నమ్మేవాళ్లు ఒక్కపూట ఈ సర్వేయరు వెనక నడిచి చూడాలి.

డ్రోన్లు నడిపేవాళ్లకు దారిలో ఏమేం అడ్డొస్తాయో చెప్పే చిన్న కంపెనీలో ఇతని ఉద్యోగం. టవర్లు, కరెంటు తీగలు, క్రేన్లు, మీదపడే పక్షులు అన్నీ వీధివీధీ తిరిగి ఫోన్‌లోని మ్యాపులో గుర్తుపెట్టాలి. పనిలో వంక పెట్టలేం. కాకపోతే బైకు లేకపోయినా హెల్మెట్ తియ్యడు. కారణం కాకులు.

రెండేళ్ల కిందట నేలమీద పడిన కాకిపిల్లను జాలిపడి గూట్లో పెట్టాడు. తల్లికాకికి జాలి కనబడలేదు. పిల్లను పట్టుకున్న చెయ్యి, ఈ మొహం కనబడ్డాయి. కబురు కాకిజాతంతా పాకింది. మంచికి మంచే జరుగుతుందని రాసినవాడెవడో ఎన్నడూ చెట్టెక్కి ఉండడు.

అప్పట్నుంచి ఏ వీధికెళ్లినా కాకులు మీదపడేవి. మనిషి నిజాయితీపరుడు, వీధివీధికీ ఎర్రచుక్కలు పెట్టాడు. ఆసుపత్రివాళ్లు రక్తం శాంపిళ్లు డ్రోన్‌లో ల్యాబుకు పంపుదామని మ్యాపు తెరిస్తే ఊరంతా ఎరుపు. ఎగరడానికి సందు లేదు.

మేనేజరు మేడమ్ తనిఖీకి దిగింది. "ఇవి కాకిలెక్కలని తేలితే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"కళ్లారా చూసి రాశాను మేడమ్!"

కూరల మార్కెట్ సందులో మేడమ్ ముందు, ఇతను వెనక. పదడుగులు వేశారో లేదో నాలుగు కాకులు ఇతని నెత్తిన టకటకా వాయించాయి. మేడమ్ జుట్టైనా చెదరలేదు.

"నువ్విక్కడే ఆగు," అని ఆవిడ ఒక్కతే సందు చివరిదాకా వెళ్లొచ్చింది. "గోడమీద కాకి జరిగి దారిచ్చిందయ్యా నాకు! వాటికేం చేశావు నువ్వు?"

"ఉపకారం చేశానండీ."

"నిన్నెవరు చెయ్యమన్నారు?"

"అయితే... నా లెక్క తప్పేనా మేడమ్?"

"తప్పేం కాదు. ప్రమాదం నిజమే. వీధుల్లో లేదు, నీ చుట్టూ ఉంది."

ఆవిడ ఓ కొట్టు మెట్టుమీద కూర్చుని పక్షులకని పెట్టిన చుక్కలన్నీ చెరిపేసి, ఒక్కటే ఉంచింది. అది ఇతని ఫోన్‌తోపాటు కదులుతుంది.

ఉద్యోగం నిలిచింది. ఇతను గడప దాటితే చాలు, ఆసుపత్రి డ్రోన్ పక్కవీధికి తప్పుకుంటుంది. అంత మర్యాద ఊళ్లో ఇంకెవరికీ లేదు. చిక్కల్లా, ఆ మ్యాపు ఎవరైనా తెరిచి చూడొచ్చు, చుక్క భార్య ఫోన్‌లోనూ కనబడుతుంది.

"అరగంటనుంచి టీకొట్టు దగ్గరే ఉన్నావేం?"

"వస్తున్నానే! కాకులు వదలాలిగా!"