బోర్డు మారాక తెరిచిన పుస్తకం

నిన్న వడ్డాది నుంచి మా తమ్ముడి కూతురు వచ్చి, నా మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నేను లోపలికెళ్లి టీ కాచి తెచ్చేలోపల ఫోన్లోనే ఎక్కడో దూరపు రాష్ట్రపు విశ్వవిద్యాలయంలో ఆన్‌లైన్ డిగ్రీకి చేరిపోయింది. నిబంధనలన్నీ పైకి చదవమన్నాను. నిబంధనలంటే నాకు పాత పగ. ఆ పిల్ల గబగబా చదువుకుంటూ పోతూ, ఈ కోర్సుకి ప్రాదేశిక పరిధి లేదనీ, దేశంలో ఏ మూల కూర్చునైనా చదువుకోవచ్చనీ ఒక ముక్క చదివేసరికి, ఆపి మళ్లీ చదవమన్నాను. "ఏటత్తా, అలా సూస్తన్నావు?" అంది. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్లు మండింది.

నా ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు మన చిన్న ఊళ్లలో బస్టాండు పక్క మేడల మీద, ఫోటో స్టూడియోకీ టైపు ఇన్‌స్టిట్యూట్‌కీ నడుమ, పక్క రాష్ట్రాల విశ్వవిద్యాలయాల స్టడీ సెంటర్లని బోర్డులు వేలాడుతుండేవి. మా చోడవరంలోనూ ఒడిశా విశ్వవిద్యాలయానిది ఒకటుండేది. నేనప్పుడు రావికమతం వైపు ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్ని. ఇంటర్ తోనే పెళ్లయిపోయి, పసిపిల్లలకి గుడ్లూ పాలూ పంచుతూ, డిగ్రీ ఉంటే సూపర్‌వైజరు పోస్టుకి ఎక్కొచ్చనీ, వయసు దాటిపోతే ఇక ఎక్కే మెట్టే ఉండదనీ తెలిసి, ఆ మేడ మెట్లెక్కి బి.ఏ.లో చేరాను. నాతో పాటు చీడికాడలో పనిచేసే తోటి టీచరూ చేరింది. నాకంటే చిన్నది కాబట్టి చీడికాడ చెల్లి అనేదాన్ని, అది నన్ను అక్కని పిలిచినట్టు అప్పా అనేది. ఆదివారాలు ఆ రేకుల గదిలో, పాఠం ఇంగ్లీషులోనూ అర్థం తెలుగులోనూ నేర్చుకుంటూ, కింద నుంచి వచ్చే బజ్జీల వాసనకి నోరూరించుకుంటూ, రెండేళ్లు గట్టెక్కించాం.

అప్పుడు వచ్చింది పైనుంచి ఆ ఉత్తర్వు. ఏ రాష్ట్రపు విశ్వవిద్యాలయమైనా తన రాష్ట్రం ఎల్ల దాటి చదువు చెప్పకూడదట, పరిధి దాటి చదివిన పట్టా ఉద్యోగానికి చెల్లదట. ఒక ఆదివారం వెళ్లేసరికి మేడకి బోర్డు లేదు, మేకులు మాత్రం ఉన్నాయి. ఏడుస్తూ ఇంటికొచ్చి చెబితే మా అత్తగారికి మొదట అర్థం కాలేదు. ఆవిడకి తెలిసిన పరిధి చెరుకు జోను ఒక్కటే. ఏ ఫ్యాక్టరీ జోనులో చెరుకు ఆ ఫ్యాక్టరీకే తోలాలి, దాటిస్తే దారిలో బండి ఆపేస్తారు, మా మావగారి బండి అలా ఒకసారి ఆగిపోయింది కూడా. అంతా విని ఆవిడ, "సెరుక్కంటే జోనుంటాది గానీ సదువుకి జోనేటే? నువ్వేటి, బండికెత్తిన సెరుకువా?" అని నా మీదే కసిరింది. ఆ రోజుల్లో నాకు ధైర్యం చెప్పిన మాట ఏదంటే ఆ కసురే. అంతవరకూ నా పుస్తకాలు చూస్తే మొహం ముడుచుకునే మనిషి ఆవిడ.

నెలలు గడిచాక విశ్వవిద్యాలయం వాళ్లు, రెండేళ్లు పాసైన వాళ్లు ఒడిశాకే వచ్చి తమ గడ్డ మీద క్లాసులు విని పరీక్షలు రాస్తే మూడో ఏడు పూర్తి చేసుకోవచ్చన్నారు. మాతో చదివిన వాళ్లంతా దండం పెట్టేసి మానుకున్నారు. మేమిద్దరం మాత్రం మానలేదు. రాష్ట్రాల నడుమ గీత అవతలే చదువుంటే గీత అవతలికే పోదాం అనుకున్నాం. చోడవరంలో బస్సెక్కి కొత్తవలస, అక్కడ కిరండోల్ పాసింజరు, చెల్లి మూటకట్టిన పులిహోర, సొరంగాలొచ్చినప్పుడల్లా పిల్లల్తో సమానంగా మేమూ వేసే కేకలు. మొదటిసారి అరకు దాటాక, చెల్లి కిటికీ ఊచలకి మొహం ఆనించి, గీత ఎక్కడా కనిపించదేమిటని వెతికింది. నిజం చెప్పొద్దూ, నేనూ వెతికాను. రెండేళ్ల చదువుని తెగ్గోసిన గీత కదా, కనీసం ఓ కంచె, ఓ రాయి ఉండదా అనుకున్నాం. అదే కొండ, అదే వలిసెపూల పసుపు, అదే తలపాగా చుట్టుకుని అదే మేకల్ని తోలుకుపోతున్న మనిషి. స్టేషన్ బోర్డు మీద తెలుగు పోయి గుండ్రటి ఒడియా అక్షరాలొచ్చాయి, అంతే తేడా.

అది చూసి చెల్లి సంచీలోంచి పుస్తకం తీసి, "అప్పా, పరిధిలోకి వచ్చేం, ఇప్పుడు సదవొచ్చు!" అంది. పెట్టెలో జనం బిత్తరపోయేలా నవ్వాం. ఆ తరవాత అదే మా ఆచారమైపోయింది. కొత్తవలస నుంచి అంతసేపూ ఖాళీగా కూర్చుంటాం గానీ ఒక్క పేజీ తిప్పం. బోర్డు మారగానే పుస్తకం తెరుస్తాం. తిరుగు రైల్లో తెలుగు బోర్డు కనబడగానే, వాక్యం మధ్యలో ఉన్నా సరే, టపీమని మూసేస్తాం. ఉత్తర్వు రాసిన పెద్దలు చూసి సిగ్గుపడాలని మా పంతం. వాళ్లెలాగూ చూడలేదు, కానీ ఆ పంతం లేకపోతే ఆ ఏడాది నడిచేది కాదు.

పట్టా వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఆఫీసులో అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి, మూడో ఏడు సరే, మొదటి రెండేళ్లూ చోడవరంలోనే కదా చదివావు, చెల్లదన్నాడు. చోడవరంలో చదివితే చదువు కాకుండా పోతుందా అని అడిగాను. రూలు అన్నాడు. సూపర్‌వైజరు పోస్టు చేజారిపోయింది, నాకూ చెల్లికీ ఇద్దరికీ. ఆ రోజు తిరిగొస్తూనే మా వీధిలో ఆటోల మీద పేర్లు రాసే పెయింటర్ని పిలిచి, గుమ్మం పక్క గోడ మీద నా పేరూ, పక్కన బి.ఏ. అనీ జానెడు అక్షరాల్లో రాయించాను. చెల్లని రూపాయికి గీతలెక్కువని చాటున నవ్వినవాళ్లున్నారు. నవ్వుకోనిచ్చాను. సున్నం వేయించిన ప్రతిసారీ పెయింటరు ఇదుంచాలా అమ్మా అని అడుగుతాడు, ప్రతిసారీ కాస్త పెద్దగా రాయమంటాను. టీచరుగానే రిటైరయ్యాను, బి.ఏ. టీచరుగా.

చీడికాడ చెల్లి ఇప్పుడు లేదు. పరిధి లేదన్న ఆ ముక్క వినకుండానే పోయింది. వినుంటే ఎంత నవ్వేదో, ఎంత తిట్టేదో. మా గుంటకి, ఈ తమ్ముడి కూతురికి, రైలు లేదు, సొరంగం లేదు, పంచుకునే పులిహోర మూట లేదు, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒక్కతే చదువుకోవాలి. దానికా కష్టం తప్పినందుకు సంతోషమే, ఆ తోడు దక్కనందుకే నాకు దిగులు. కథంతా విని అది కొంటెగా, "అయితే అత్తా, నన్ను ఏ స్టేషన్లో పుస్తకం తియ్యమంటావు?" అంది. కళ్లు తుడుచుకుని, ఇక్కడే తియ్యమన్నాను, ఈ చోడవరంలోనే, నా పేరున్న గోడకి ఆనుకుని.