చెమట ఆగితే చప్పట్లు కొట్టాం

ఆ రోజుల్లో మనుషులు ఉక్కుముక్కలండీ, మండుటెండలో కసరత్తు చేసినా చుక్క నీళ్లు ముట్టేవాళ్లు కాదండీ అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండిపోతుంది. ఆ రోజుల్లో నేను ఉన్నాను. ముట్టేవాళ్లం కాదు, నిజమే. కానీ అది బలం కాదు, బుద్ధిలేనితనం. మా అన్నయ్యను ఇంచుమించు పాడె ఎక్కించింది అదే.

యుద్ధం జరుగుతున్న కాలం. బెజవాడ వన్ టౌన్‌లో బట్టల గోదాముల వెనక ఒక రేకుల షెడ్డులో కుస్తీ నేర్చుకునే మా తాలింఖానా ఉండేది. మధ్యలో కుస్తీ పట్టే గొయ్యి. దాన్ని గోదా అంటారు. ఎర్రమట్టిలో నూనె, మజ్జిగ, పసుపు కలిపి, రోజూ నీళ్లు చల్లి పిండిలా మెత్తగా ఉంచేవాళ్లం. మా ఉస్తాదు బండిచక్రాలు చేసే సాయిబు. మంచి మనిషి. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోకుండా నేర్పేవాడు. మాది నేతపని వాళ్ల ఇల్లు. నేను ఇంట్లో మగ్గం మీద కూర్చునేవాణ్ణి. అన్నయ్య కొట్లో బట్టల బేళ్లు మోసేవాడు. ఇద్దరం ఆ గోదాలో మట్టి పూసుకున్నవాళ్లమే.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. దండీలు మొదలుపెట్టిన దగ్గర్నుంచి చివరి పట్టు అయ్యి, ఒళ్లు చల్లారేదాకా నీళ్లు తాగకూడదు. దమ్ము మీద నీళ్లు పడితే గుండె పట్టేస్తుందని, కండ నీరుకారిపోతుందని ఉస్తాదు నమ్మకం. ఆయనకు ఆయన ఉస్తాదు చెప్పాడు. ఆ పైవాడికి ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు. మరీ నాలుక పిడచగట్టుకుపోతే పుక్కిలించి ఉమ్మొచ్చు. గొంతు కదిలిందా, ఇక ఎగతాళే.

"ఏరా, చంటిపిల్లాడికి పాలు సరిపోలేదంటరా?" అని ఒకడు అందుకునేవాడు.

"పాపం, ఉయ్యాల కూడా కట్టండ్రా!" అని ఇంకొకడు.

వీధి చివర నిండుగా పారే కాలువ, ఆ పక్కన కృష్ణ. మేం మాత్రం నోట్లో ఇసుక పోసుకున్నట్టు ఉండేవాళ్లం.

దీనికి తోడు ఇంకో శాస్త్రం. కొత్తవాడికి చెమట ధారలు కడుతుంది, ఒళ్లు గట్టిపడేకొద్దీ తగ్గుతుంది, ఎండలో పనిచేస్తున్నా చెమట ఆగిపోయినవాడే పండిన పహిల్వాన్ అని అక్కడ అందరూ అనేవాళ్లు. ఇప్పుడు తలుచుకుంటే పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది.

ఆ ఏడు మైలవరంలో జాతరకు కుస్తీలు పెట్టారు. అన్నయ్యను పంపుదామని ఉస్తాదు అనుకున్నాడు. పోటీ మధ్యాహ్నం, ఆరుబయట. అందుకని తెల్లవారుజామున చేసే సాధన మానిపించి, ఎండ నడినెత్తికొచ్చాక చేయించడం మొదలుపెట్టాడు. రోహిణీకార్తె. రేకులు చిటపటలాడుతున్నాయి. అన్నయ్య పొద్దున్నంతా బేళ్లు మోసి, అట్నుంచటే వచ్చేవాడు.

ఆ రోజు నేను అతనికి ఎదురు పట్టు పడుతున్నాను. మొదట్లో చేతికి దొరకడం లేదు, అంత చెమట. కాసేపటికి చెయ్యి జారడం మానేసింది. వీపు మీద మట్టి పొడిగా రాలుతోంది. ఉస్తాదు దగ్గరకొచ్చి భుజం తడిమాడు. మొహం వెలిగిపోయింది.

"శభాష్! చూడండ్రా, చుక్క చెమట లేదు! మైలవరం మనదే!"

అందరూ చప్పట్లు కొట్టారు. అన్నయ్య నవ్వలేదు. నా వంక చూసి, "వానొస్తోందిరా, వీధిలో పడుగు తడిసిపోతుంది, తీసెయ్యండి" అన్నాడు. నేయబోయే దారాన్ని గంజి పెట్టి మేం వీధిలోనే ఆరేస్తాం, అదీ పడుగంటే. ఆ వేళ మా వీధిలో పడుగూ లేదు, ఆకాశంలో మబ్బూ లేదు. హాస్యమాడుతున్నాడనుకుని పక్కవాళ్లు పడీపడీ నవ్వారు. వాళ్లు నవ్వుతుండగానే మోకాళ్ల మీద కూలబడి, పక్కకు ఒరిగిపోయాడు.

ఒంటి మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టుంది. నేను పరుగెత్తి నీళ్ల బిందె ఎత్తుకొచ్చాను. ఉస్తాదు అడ్డం వచ్చాడు.

"వద్దురా! ఈ వేడి మీద నీళ్లు పోస్తే చస్తాడు. చల్లారనీ."

"చల్లారే లోపల పోయేట్టున్నాడండీ!"

"నేను చూడని కుస్తీలా? ఆగమన్నానా!"

ఆ అరుపులకు పక్కింట్లోంచి ఉస్తాదు తల్లి వచ్చింది. మేమందరం దాదీ అనేవాళ్లం. గోదా గట్టు దిగి వచ్చి, అన్నయ్య నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, కొడుకు వైపు తిరిగింది.

"అరె, అకల్ ఉందా నీకు? మట్టి ఎండిపోతుందని రోజూ బిందెలు బిందెలు గుమ్మరిస్తావు. ఈ పిల్లాడు మట్టికన్నా హీనమా?"

ఆవిడ నా చేతిలో బిందె లాక్కుని అన్నయ్య తల మీదా గుండెల మీదా కుమ్మరించింది. తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. నీడలోకి లాగాం. గోదాములోంచి పంచెలు తెచ్చి కాలువలో ముంచి ఒంటికి చుట్టాం, ఆరకుండా మార్చాం, విసనకర్రలతో విసిరాం. అందరికన్నా గట్టిగా విసిరింది ఉస్తాదే. చాలాసేపటికి అన్నయ్య కళ్లు తెరిచి, నన్ను గుర్తుపట్టాడు. అప్పుడు దాదీ ఉప్పు వేసిన గంజినీళ్లు గుక్క గుక్కగా పట్టించింది. జట్కాలో ఆసుపత్రికి తీసుకెళితే సీసాతో నీళ్లెక్కించారు. డాక్టరు మమ్మల్నందర్నీ కలిపి తిట్టాడు. పడాల్సిందే.

నేను బడికి వెళ్లింది తక్కువ. తర్వాత రీడింగ్ రూములో కూర్చుని ఆరోగ్యశాస్త్రం పుస్తకం కూడబలుక్కుని చదివితే తెలిసింది. ఒంట్లో నీరే చెమటగా బయటికొచ్చి, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుందట. వడదెబ్బ ముదిరితే ఆ ఏర్పాటు మూలబడుతుంది. పైకి చెమట ఆగిపోతుంది, లోపల ఒళ్లు కాగుతూనే ఉంటుంది. ఆగిన చెమటను చూసి మేం చప్పట్లు కొట్టాం! వేడెక్కకముందే తాగాలి, పని మధ్యలో తాగాలి, తాగుతూ ఉండాలి. ఇంత చిన్న సంగతి చెప్పేవాడు ఆ షెడ్డులో ఒక్కడూ లేకపోయాడు.

పోనీ, చెబితే వినేవాడెవడు? ఇంట్లో పడుకోబెట్టిన రోజుల్లో అన్నయ్య మాటలు వినాలి.

"అంతమంది చప్పట్లు కొట్టారు కదరా, దిష్టి తగిలింది. అంతే."

"దిష్టి కాదు అన్నయ్యా, దాహం."

"నీ మొహం. దాహంతో ఎవడన్నా పడిపోతాడా? ఆడపిల్ల మాటలూ నువ్వూనూ."

అమ్మ అతని మాట పట్టుకుని ఎండుమిరపకాయలు దిగదుడిచింది. ఉస్తాదు మైలవరానికి ఎవర్నీ పంపలేదు. షెడ్డు గుమ్మంలో కొత్త కుండ పెట్టించాడు. గ్లాసు బోర్లించింది బోర్లించినట్టే ఉండేది. సిగ్గు, ఇంకేముంది? ఒకడు చావు దాకా పోయి వచ్చినా వాళ్లకు సిగ్గే పెద్దదయింది. దాంతో ఉస్తాదు, తన ఎదురుగా తాగినవాడే లోపలికి రావాలని ఖాయం చేశాడు. గొణుక్కుంటూనే తాగారు.

అన్నయ్య లేచి తిరగడం మొదలుపెట్టాక, ఎవరు చెప్పినా వినకుండా లంగోటా భుజాన వేసుకుని బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను. ఉస్తాదు గుమ్మంలోనే చెంబు నిండా నీళ్లు ముంచి అందించాడు.

"తాగు బేటా. తాగి లోపలికి రా."

"అయ్యాక తాగుతాను ఉస్తాద్."

"ఇప్పుడు తాగు. మధ్యలో కూడా తాగాలి."

"నీళ్లు తాగుతూ కుస్తీ పట్టేవాణ్ణి చూసి జనం నవ్వరా?"

"నవ్వనీ. నిన్ను మోసుకెళ్లడం నావల్ల కాదు."

లోపల్నుంచి ఎవడో కిసుక్కున నవ్వాడు. అన్నయ్య మొహం ఎర్రబడింది. లంగోటా గుమ్మం మీద పడేసి వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత మళ్లీ గోదాలో దిగలేదు. అన్నేళ్ల కుస్తీని చెంబెడు నీళ్ల దగ్గర వదులుకున్నాడు. ముసలివాడయ్యేదాకా బతికాడు కాబట్టి నేను ఉస్తాదును తప్పుపట్టను. అన్నయ్య మాత్రం చివరిదాకా తప్పుపట్టాడు.

అతను సందు మలుపు తిరిగేదాకా ఉస్తాదు చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను ఆయన చేతిలోంచి అందుకుని, గడగడా తాగి, గోదాలోకి దిగాను.