రగ్బీలో కబడ్డీ కూత

కుర్చీ జరపకండి, చాయ్ నేను నిలబడే తాగుత. ఎందుకో చెప్త గానీ, ఈ ముచ్చట స్టాఫ్‌రూమ్ దాటొద్దు.

మొన్న ఆదివారం సూర్యాపేట గ్రౌండ్‌కు సునీత వచ్చింది. పాలకీడు పిల్ల. పదేండ్ల కింద నా కబడ్డీ టీమ్‌ల రైడర్. రగ్బీ క్యాంప్‌కు పోతనంటే అప్పుడు నేనే తిట్టిన, గుడ్డు లెక్కున్న ఆ బంతి నీకు తిండి పెడ్తదా అని. పెట్టింది! ఆరేండ్ల నుంచి బయటి దేశంల ఒక క్లబ్బుకు రగ్బీ లీగ్ ఆడుతున్నది, నెలనెలా జీతం. నడుమ భుజానికి ఆపరేషన్ అయితే, ఇగ ఖతం అన్నరందరు. తొమ్మిది నెలలు ఓపిక పట్టి మళ్ల టీమ్‌లకు ఎక్కింది. గంత పేరొచ్చినా, నన్ను చూడంగనే బూట్లు విప్పి కాళ్లు మొక్కింది. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

ఈ ఎండాకాలం మన పిల్లలకు ఆట నేర్పిస్తనని ముందే ఫోన్ చేసి చెప్పింది. టీమ్‌కు పదమూడు మంది కావాలె. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తిరిగి సరిగ్గా పదమూడు మంది ఆడపిల్లలను పోగేసిన. ఆ ఆదివారం గ్రౌండ్‌ల టెంటేసి తల్లిదండ్రులను పిలిచిన, వాళ్లు సంతకాలు పెట్టాలె. ఒక్కరు తగ్గినా టీమ్ లేనట్టే.

సునీత ఫోన్‌ల తన మ్యాచ్ చూపెట్టింది. గదే కొంప ముంచింది. ఒకరినొకరు గుద్దుకుని కింద పడుతుంటే చూసి, తీసిన పెన్నులు మళ్ల జేబుల్లోకి పోయినయి. కోదాడ నుంచి వచ్చిన ఒకమ్మ లేచి, "పాప ఎముక ఇరిగితే ఎవరు చూసుకుంటారండీ?" అన్నది. దెబ్బ తగలకుండ పడుడే ముందు నేర్పిస్తమని సునీత ఎంత చెప్పినా ఎవరూ వినలే.

నాకు రోషమొచ్చింది. నాకు యాభై ఏండ్లు, నన్ను పట్టుకుని పడెయ్యి, ఏమైతదో వీళ్లే చూస్తరన్న. వద్దు మేడం అని బతిమిలాడింది. నేను వింటనా? చున్నీ నడుముకు కట్టి, బంతి చంకల పెట్టిన. నన్ను దాటిపోయి నా ఎనకున్న గీత అవతల బంతి పెట్టాలె, గంతే మేడం అని సునీత ఎదురుంగ నిలబడ్డది.

ఉరికిన. ఉరుకుతుంటే నోట్లకెళ్లి కూత దానంతట అదే వచ్చింది. కబడ్డీ కబడ్డీ కబడ్డీ! సునీత దగ్గరికి పోయి భుజం ముట్టిన. ముట్టంగనే, కబడ్డీల లెక్క ఎనక్కి తిరిగి, నేను బయల్దేరిన నా గీత దిక్కు ఒకటే ఉరుకుడు. ముప్పై ఏండ్ల అలవాటు ఎటు పోతది? అటు కాదు మేడం అని సునీత ఎంటపడ్డది. నన్ను పట్టుకోనీకే వస్తున్నదని నేనింక జోరు పెంచిన.

గీత రెండడుగులుందనంగ నడుము పట్టుకున్నది. ఏం పట్టు అది! నా ఎనభై కిలోల బరువు తన మీద వేసుకుని, పసిపిల్లను పండబెట్టినట్టు పండబెట్టింది. ఆడనే ఆగితే అయిపోయేది. గీత ముట్టకపోతే ఔటైత కదా! గింజుకుని లేచి, ఎగిరి, గీత అవతల పిర్రల మీద దబ్బున కూలబడ్డ. చెయ్యెత్తి, పాయింట్ అని అరిచిన.

ఒక్కరూ చప్పట్లు కొట్టలే. సునీత వంగి మెల్లగ చెప్పింది.

"మేడం, ఇది మన గీతే. ఇందులో ఎనక్కి తెస్తే పాయింట్ రాదు."

అప్పుడు నవ్విన్రు సూడు, టెంటంతా. కోదాడ అమ్మ కండ్లు తుడుచుకుంటనే వచ్చి నన్ను లేపింది, కాళ్లు చేతులు ఒత్తి చూసింది.

"ఈ వయసులో ఇంత పడ్డా మేడంగారికే ఏం కాలేదు, మా పాపకేం అవుద్ది?" అని మొదటి సంతకం పెట్టింది. ఎనకనే మిగతా పన్నెండు.

నేను నవ్వు మొహంతోనే సక్కగ నడిచి, గేటు దాటినంక సునీత మీద వాలిపోయిన. దవాఖానకు తనే తీస్కపోయింది. ఎముకలు మంచిగనే ఉన్నయి, కమిలింది, పది రోజులు కూర్చోవద్దన్నడు డాక్టర్.

రేపటి నుంచి ప్రాక్టీస్. పదమూడు పేర్ల కింద సునీత నా పేరు కూడా రాసింది, బెంచీ మీద కూర్చునే ఎక్స్‌ట్రా ప్లేయర్‌గ. ఇప్పుడు నాతోని కానిది గా కూర్చునుడొక్కటే!