లక్క దొంగ పూచీ

లక్క కాలే వాసన నాకు గంభీరమైన ఆలోచనలేవీ తెప్పించదు. తుమ్ములు తెప్పిస్తుంది. నిన్న మా హైదరాబాదు ఆఫీసులో అటెండరు ఒక కవరుకు ముద్ర వేయడానికి కొవ్వొత్తి మంట మీద లక్క కడ్డీ పట్టుకున్నాడు. నేను తుమ్మడం మొదలుపెట్టాను. తుమ్ములు ఆగాక, అలవాటు ప్రకారం, ఓబుల్‌రెడ్డి గారు గుర్తుకొచ్చారు. ఆయనను మీరెవరూ ఎరగరు. ఎరగడానికి తగిన ఘనకార్యం కూడా ఆయన చేయలేదు. ఒక ఆట ఆడించారు, ఒక మాట నిలబెట్టుకున్నారు. అంతే.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్ది ఏళ్లలో మా ఆఫీసు ఒక గుడారంలో నడిచేది. గాలి వీచినప్పుడు ప్రభుత్వం ఎగిరిపోకుండా కాగితాల మీద రాళ్లు పెట్టుకునేవాళ్లం. నేను కడప నుంచి కొత్తగా వచ్చిన గుమాస్తాను. ఓబుల్‌రెడ్డి గారు మా సూపరింటెండెంటు. నందికొట్కూరు వైపు రైతు కుటుంబం. సేద్యం తమ్ముళ్లకు వదిలి ఈయన ఫైళ్లు దున్నుతుండేవారు. సన్నగా, పొడుగ్గా, గుడారపు గుంజల్లో ఒకటి లేచి నడుస్తున్నట్టు ఉండేవారు. ఎండాకాలం ఆదివారాలు భోజనాలయ్యాక ఏం చేయాలో ఎవరికీ తోచేది కాదు. అప్పుడు ఆయన నేల మీద టార్పాలిన్ పరిచి, దాని మీద సుద్దతో కోటలు, అడవులు, దారులు గీసేవారు. ఫైళ్లు కట్టే ఎర్ర నాడాయే ఏరు. పావులు మిగిలిపోయిన లక్కతో చేసినవి. పాచికలకు బదులు ఒక వైపు తెల్లగా అరగదీసిన చింతగింజలు.

ఆ ఆట ఆయన తాతగారిదట. పావుల కన్నా నోటికి అందులో పని ఎక్కువ. తలా ఒక వేషం తీసుకుని, ఆ మనిషిలాగే మాట్లాడాలి, ఆ మనిషిలాగే తెగించాలి. కోస్తా నుంచి వచ్చిన సీతాపతి మంత్రగాడు. అటెండరు కాశిం పడవవాడు. నేను దొంగను. ఓబుల్‌రెడ్డి గారికి పావు లేదు. మిగిలిన లోకమంతా ఆయనే. ఊరు ఆయనే, వాన ఆయనే, శత్రువు ఆయనే. మేం ఏం చేస్తామో చెబితే ఏం జరిగిందో ఆయన చెప్పేవారు. అనుమానమొస్తే చింతగింజలు వేయించేవారు. ఒక్కటే కట్టుబాటు. “వారమంతా కాగితాలే గదప్పా. ఈడ కాగితం వద్దు. నోటితో అన్నదే లెక్క.” సీతాపతికి అది మింగుడుపడలేదు. నియమాలు రాసుకోకపోతే వాదించేదెలాగని అతని బాధ. రాయకపోయినా అద్భుతంగా వాదించేవాడు.

ఒకసారి మంత్రగాడు కోట వాకిలి దగ్గర నిద్ర మంత్రం చదివాడు. కాపలావాళ్లంతా పడిపోయారు, ఒక్కడు తప్ప.

“అదెలాగండీ? మంత్రం అందరికీ ఒకటేగా!” అన్నాడు సీతాపతి.

“వానికి చెముడప్పా.”

“మంత్రం మహిమ చెవిలో ఉంటుందా? అక్షరంలో ఉంటుంది గానీ!”

“అక్షరంలో ఉంటే కాగితం మీద రాసి చూపించు. మన ఫైళ్లు చదివి నిద్రపోనివాడు ఇంతవరకు పుట్టలేదు” అన్నాను నేను.

అందరూ నవ్వారు. ఆ చర్చ టీ వచ్చేదాకా నడిచింది. చివరికి ఓబుల్‌రెడ్డి గారు తేల్చారు. “మంత్రమైనా మాటే గదా. వినేటోడు ఉంటేనే పారేది.” తరువాత నా వైపు తిరిగి, “నీవు నవ్విచ్చేది శానా బాగుండాది. అయితే నీ దొంగ ఇంతవరకు గడ్డిపోచ కూడా దొంగిలించలే. ఎప్పుడూ పక్కన నిలబడి అందరినీ ఆడిపోసుకుంటాండాడు. ఏమన్నా చెయ్యప్పా” అన్నారు. దానికీ ఒక చమత్కారం చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. ఆయన అన్నది మాత్రం గుర్తుంది.

మా ఆటలో పెద్ద గొడవ శత్రువుల దళపతి వల్ల వచ్చింది. “నీ ప్రాణం తీయను, కత్తి కింద పెట్టు” అని సీతాపతి మంత్రగాడు ప్రమాణం చేశాడు. వాడు పెట్టాడు. ఇద్దరూ ఏరు దాటుతుండగా, నడుము లోతు వరకు వచ్చాక, మంత్రగాడు నిద్ర మంత్రం చదివాడు. దళపతి నిలువునా నీళ్లలోకి జారిపోయాడు.

“నేను చంపలేదండీ. నిద్రపుచ్చాను. చంపింది ఏరు” అన్నాడు సీతాపతి, ఎర్ర నాడాను చూపిస్తూ.

“అది ధోకా సాబ్” అన్నాడు కాశిం.

“శత్రువుతో ధర్మమేమిటయ్యా? వాడు బతికి ఉంటే రేపు ఊరు తగలబెట్టేవాడు. ఒక్కడి ప్రాణం ఎక్కువా, ఊరు ఎక్కువా?”

అది తేలికగా కొట్టిపారేసే మాట కాదు. నాకైతే అతను చెప్పిందీ సబబుగానే తోచింది, కాశిం చెప్పిందీ సబబుగానే తోచింది. అందుకని ఇద్దరినీ సమానంగా ఎగతాళి చేశాను. ఓబుల్‌రెడ్డి గారు చాలాసేపు చింతగింజలు గుప్పిట్లో ఆడించి, “చట్టం ప్రకారం నీది సరేప్పా” అన్నారు. సీతాపతి ముఖం వెలిగిపోయింది.

మరుసటి ఆదివారం మంత్రగాడు మళ్లీ అదే ఏటికి వచ్చాడు. ఈసారి నీళ్లు పెరిగాయి, పడవ కావాలి. కాశిం తన లక్క పడవను ఒడ్డుకు దూరంగా జరిపాడు.

“ఎక్కించుకోను సాబ్. నడి ఏట్లో మంత్రం ఏస్తే నా గతేంది?”

“వేయనని ప్రమాణం చేస్తానయ్యా.”

“మునిగిపోయినోనికి కూడా చేసినారు గదా.”

సీతాపతి ఓబుల్‌రెడ్డి గారితో మొరపెట్టుకున్నాడు. “మీరే కదండీ నాది సరే అన్నారు!”

“నేను చట్టం చెప్పినానప్పా. చట్టం నిన్నేమీ అనలే. ఏటి ఒడ్డున ఊర్లుండాయి, జనం ఉండారు. వాళ్లు చూసిందాన్ని చూడలేదని నేనెట్ల చెప్పేది?”

మంత్రగాడు నెలల తరబడి ఆ ఒడ్డునే నిలబడిపోయాడు. సీతాపతి ప్రతి ఆదివారం కొత్త ప్రమాణంతో వచ్చేవాడు. కాశిం ప్రతి ఆదివారం పడవ జరిపేవాడు.

ఈలోగా ఒక మధ్యాహ్నం కాశిం భార్యకు నొప్పులు మొదలయ్యాయని ఊరి నుంచి కబురు వచ్చింది. “పోయిరాప్పా, చీటీ మళ్లా చూసుకుందాం” అన్నారు ఓబుల్‌రెడ్డి గారు. కాన్పు కష్టమైంది. కాశిం కొన్ని రోజులు ఆలస్యంగా తిరిగివచ్చాడు, కూతురు పుట్టిందని బెల్లం పంచాడు. బెల్లం తిన్న సంతోషంలో సెలవు చీటీ సంగతి అందరం మరిచిపోయాం. రాజధాని హైదరాబాదుకు మారుతుందని తేలాక అది బయటపడింది. అటెండర్లను తగ్గించాలట. అనుమతి లేకుండా గైరుహాజరైనవాళ్లు ముందు పోతారట. కాశింకు ఉన్నది ఆ ఉద్యోగమొక్కటే. ఓబుల్‌రెడ్డి గారికేమో హైదరాబాదులో పెద్ద హోదా దాదాపు ఖాయమైంది. ఆ నిర్ణయం చేసే పై అధికారే కాశిం ఫైలు కూడా అడిగారు. ఓబుల్‌రెడ్డి గారు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు, అబద్ధం ఆడనక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు.

సీతాపతి చెడ్డవాడు కాడు. ఆయన మేలు కోరే చెప్పాడు. “మీరు కాగితం మీద ఇవ్వలేదు కదండీ. నిబంధనల ప్రకారం అది సెలవే కాదు. మీ మీదికి రాదు.”

“చట్టం ప్రకారం నీది సరేప్పా” అని ఓబుల్‌రెడ్డి గారు లేచి, కండువా దులిపి, పై అధికారి గుడారంలోకి వెళ్లారు.

గుడారానికి గోడలుండవు. మేం వినకూడదనుకున్నా వినబడేది, అనుకోలేదు కూడా. “నేను పొమ్మంటే పోయినాడు సార్. రాసుకోనిది నా తప్పు, పోయింది అతని తప్పు కాదు” అని ఆయన గొంతు. కాగితం ఎక్కడుందని అవతలి గొంతు. “కాగితం లేదు సార్. నేనుండా.” తరువాత అవతలి గొంతు చాలాసేపు మాట్లాడింది, బాధ్యతారాహిత్యం అనే మాట తరచుగా వినిపించింది. కాశిం బయట గుడారపు తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పుడు నా దగ్గర ఏ చమత్కారమూ లేదు.

ఓబుల్‌రెడ్డి గారు బయటికి వచ్చి కాశిం భుజం తట్టారు. “నీకేంగాదు, పో. మూటాముల్లె కట్టుకో.” మా ముఖాలు చూసి, “నా సంగతి అంటారా? మంత్రం పారలేదప్పా. ఆ సారు చెవిటోడు” అన్నారు. నవ్వింది ఆయనొక్కరే. పెద్ద హోదా మరొకరికి పోయింది. ఆయనను సొంత ఊరి వైపు ఒక చిన్న ఆఫీసుకు వేశారు. ఆయన దాని గురించి మళ్లీ ఎత్తలేదు. మేం ఎత్తితే వానల గురించి అడిగేవారు.

చివరి ఆదివారం సగం గుడారాలు విప్పేశారు. ఎండలోనే టార్పాలిన్ పరిచాం. “నన్ను ఈ ఒడ్డునే వదిలి వెళతారా సార్? దాటే దారే లేదా?” అన్నాడు సీతాపతి. ఈసారి అతని గొంతులో వాదన లేదు.

“ఉండాది. నీ మాట చెల్లదు గాబట్టి, నీ తరపున ఇంకెవరన్నా పూచీ ఇయ్యాల.”

నేను నా పావును ఒడ్డుకు జరిపాను. “దొంగ పూచీ ఇస్తాడు. మంత్రగాడు మాట తప్పితే పడవవాడు నన్ను ఏట్లో తొయ్యొచ్చు.”

అందరూ విరగబడి నవ్వారు. పూచీ ఇవ్వడానికి లోకంలో దొంగ తప్ప మనిషే దొరకలేదా అన్నారు. నేను నవ్వలేదు. ఓబుల్‌రెడ్డి గారు కాశిం వైపు చూశారు. కాశిం బాగా ఆలోచించాడు.

“సరే సాబ్. ఈ దొంగ ఇంతవరకు ఏమీ దొంగిలించలేదు గదా” అని పడవను ఒడ్డుకు తెచ్చాడు.

చింతగింజలు వేయనే లేదు. మంత్రగాడు ఎర్ర నాడా దాటాడు. ఓబుల్‌రెడ్డి గారు ఎవరి పావు వాళ్లకిచ్చి, టార్పాలిన్ మీది సుద్దను చీపురుతో ఊడ్చేశారు. నాకు నా దొంగను ఇస్తూ, “పర్లేదప్పా, కదిలినాడు” అన్నారు. వీడ్కోలు ఉపన్యాసం మొత్తం అదే.

నిన్న లక్క కాల్చి నన్ను తుమ్మించిన అటెండరు కాశిమే. ముద్ర వేయడం అయ్యాక తలుపు దగ్గర నిలబడ్డాడు. “సాబ్, పాపకు జ్వరం. ఇంటికి పోవాల.” ఇప్పుడు ఈ విభాగం చూసేది నేను. “పోయిరాప్పా” అన్నాను. నాది కాని యాస నా నోట్లోంచి వచ్చింది. ఇద్దరం వినీ విననట్టు ఉన్నాం. అతను వెళ్లగానే, సెలవు ఇచ్చినట్టు కాగితం రాసి, సంతకం పెట్టి, ఫైల్లో చేర్చాను. ఓబుల్‌రెడ్డి గారు చూస్తే నవ్వేవారేమో. ఆయన మాట నేను తెచ్చుకోగలిగాను. ఆయన ధైర్యం బరువు ఎక్కువ.

కాశిం వెళ్లేముందు మిగిలిన లక్కను వేళ్లతో నలిపి నా బల్ల మీద పెట్టి పోయాడు. చూస్తే పడవ. సొరుగులోంచి దొంగను తీసి అందులో కూర్చోబెట్టాను. సరిగ్గా పట్టలేదు, కాళ్లు బయటికి వేలాడాయి. అయినా తీయలేదు.