పసుపు అంటని శుభలేఖ

మా ఆయనకు గూడూరులో చిన్న అచ్చాపీసు ఉండేది. కాలితో తొక్కే మిషను ఒకటి, అక్షరాల పెట్టెలు నాలుగు, వాటన్నిటికంటే బరువైన పట్టుదల ఒకటి ఆయన ఆస్తి. అరవైల మొదట్లో అమ్మకం పన్ను ఆఫీసు వాళ్ళు అచ్చాపీసుల మీద కన్నేశాక ఆ పట్టుదలకు చేతినిండా పని దొరికింది.

చదువుకునే పుస్తకాలకు పన్ను లేదు, శుభలేఖలకు, కరపత్రాలకు ఉంది. కాగితం మనమే ఇస్తే సరుకు అమ్మినట్టు. వేయించుకునేవాళ్ళే తెచ్చుకుంటే మనది ఉత్త కూలిపని, దానికి పన్ను పడదు. ఇంతవరకు నాకూ అర్థమైంది. అర్థమయ్యాక ఊరుకునే మనిషి కాదు మా ఆయన. కాగితం మీరే తెచ్చుకోండని వచ్చినవాళ్ళందరికీ బోధించాడు. పులికాటు వైపు నుంచి చేపలు పట్టే ఆసామి ఒకాయన కాగితాల కట్టను చేపల గంప మీద పెట్టుకుని బస్సులో తెచ్చాడు. ఆ శుభలేఖలు అందుకున్నవాళ్ళకు విందులో కూర ఏమిటో చదవకముందే తెలిసిపోయి ఉంటుంది.

ఆ రోజుల్లోనే మా చెల్లెలి పెళ్లి కుదిరింది. మా అమ్మానాన్నలు లేరు. వాకాడులో ఉన్న చిన్నాయన, చిన్నమ్మ పీటల మీద కూర్చుని కన్యాదానం చేయాలి. నాన్న తోడబుట్టినవాడు ఆయనొక్కడే. ఆయన రాకపోతే మగపెళ్లివారి ముందు నా చెల్లెలు దిక్కులేని పిల్లలా నిలబడాలి. నాకు రాత్రీ పగలూ అదే ధ్యాస.

శుభలేఖ నేను వేస్తానన్నాడు మా ఆయన. తీరా వేసింది ఎనిమిది పేజీల పుస్తకం. కుట్టు వేసి, అట్ట కూడా తొడిగాడు. పేజీలు నిండాలి కదా, తేలు కుడితే ఏం చేయాలో రాశాడు, ఆవకాయ కొలతలు రాశాడు. ఆ రెండింటికీ మధ్య అయిదో పేజీలో ముహూర్తం ఇరికించాడు. నేను పసుపు తడిపి తెచ్చి నాలుగు మూలలా పెట్టబోతే పుస్తకం వెనక్కి లాక్కున్నాడు.

"పసుపు పెడితే శుభలేఖ అయిపోతుంది. పుస్తకానికి ఎవరైనా పసుపు పెడతారా? ఆఫీసరు చేత ఇది పుస్తకమే అనిపిస్తే ఇక మీదట అన్ని పెళ్లిళ్లకూ పన్ను తప్పినట్టే" అన్నాడు.

చేతికిచ్చి పిలిస్తే శుభలేఖే అంటారని, ఇల్లిల్లూ తిరిగి పిలవడం కూడా ఆఫీసరు మాట చెప్పాకేనట. ముందుగా పుస్తకాలన్నీ పోస్టులో వెళ్లిపోయాయి.

మా ఆయన ఒకటి పట్టుకెళ్లి చూపిస్తే, ఆఫీసరు పేజీలన్నీ తిప్పి, "దీన్ని ఎవరికి అమ్మినారు?" అని అడిగాడట.

"అమ్మలేదండీ. మా మరదలి పెళ్లి."

"అమ్మనిదానికి పన్నేందయ్యా? పుస్తకమో శుభలేఖో మీ ఇంటి సంగతి. ఆవకాయ కొలతలు మాత్రం మా ఇంట్లో వాళ్ళకి చూపిస్తాలే."

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పలేక చెప్పాడు. నేను పడీపడీ నవ్వాను. ఆ నవ్వు మర్నాటిదాకా కూడా నిలవలేదు. వాకాడు నుంచి వడ్ల బండితో వచ్చిన మనిషి కబురు మోసుకొచ్చాడు.

"మీ చిన్నాయన పెళ్లికి రాడంటమ్మా. పసుపు లేని కాగితం చావు కబురుకి పంపుతారు గానీ పెళ్లికి పంపుతారా అని శానా బాధపడినాడు."

మా ఆయన పసుపు డబ్బా, ఒక పుస్తకం సంచిలో వేసుకుని బస్టాండుకు దారితీశాడు, వెనకే నేనూ.

మేము వెళ్ళేసరికి చిన్నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. మా ఆయన అరుగు మీదే చెంబులో నీళ్ళతో పసుపు తడిపి, పుస్తకం మూలలకు నాలుగు వైపులా దిట్టంగా పూశాడు.

"ఇది శుభలేఖే మామా. ఏ ఆఫీసులోనైనా చెప్తాను" అన్నాడు.

చిన్నాయన దాని వంక చూడలేదు.

"పసుపు సంగతి వదిలిపెట్టల్లుడా. మా అన్నే ఉండుంటే పిలవడానికి రాకుండా ఉంటాడా? ఆయన లేడు గదా, వీడికి పోస్టు చాల్లే అనుకున్నారు."

నాకు ఏడుపు ఆగలేదు. చిన్నమ్మ లోపలి నుంచి వచ్చి నా భుజం పట్టుకుంది.

"ఆ మాటలు పట్టించుకోబాక అమ్మణ్ణీ. ఆ పుస్తకం వచ్చినకాడి నుంచి దినామూ బస్సొచ్చే వేళకి పోయి నిలబడి వస్తా ఉండాడు, మీరు దిగతారేమోనని. ఈ పొద్దే ఇంక రారులే అని మానేసినాడు."

చిన్నాయన ఆమెను కసిరి లోపలికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు ఆయన చేతిలో మడత విప్పని కొత్త పట్టుపంచె ఉంది. అది నా ఒళ్ళో పెట్టి, "కన్యాదానానికి తెచ్చినా. అంచు చూడు, మీ నాయన కట్టేది ఇట్టాంటిదే గదా" అన్నాడు.

చూశాను గానీ, కళ్ళనిండా నీళ్ళు. ఆ అంచు ఏ రంగో పెళ్లినాడు ఆయన పీటల మీద కూర్చున్నప్పుడే నాకు తెలిసింది.