మేడం నమ్మని ఫలితం

గత ఆదివారం పొద్దున సూర్యాపేట నుంచి మేడం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయిందమ్మా," అన్నాడు.

కోదాడ ఇంజినీరింగ్ కాలేజీలో ఆమె కెమిస్ట్రీ చెప్పేవారు. నా పరిశోధనకు గైడు. హైడ్రోజన్‌ను ఇంధనంగా వాడాలంటే దాన్ని నిల్వ చేయడమే పెద్ద చిక్కు. ఖరీదైన లోహాలు కాకుండా, మన చుట్టుపక్కల దొరికే చవక వస్తువేదైనా దాన్ని పట్టి ఉంచి, కావాలన్నప్పుడు వదులుతుందా అన్నదే ఆమె ప్రశ్న. మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి ఊక తెచ్చి, గాలి తగలకుండా కాల్చి, సన్నటి రంధ్రాలుండే బొగ్గు చేసేవాళ్లం. బస్సులో ఊక బస్తాను పక్క సీట్లో పెట్టుకుని దానికీ టికెట్ తీసుకునేవారు మేడం. కండక్టర్ నవ్వితే తనూ నవ్వేవారు.

బొగ్గు నింపిన స్టీలు గొట్టంలోకి హైడ్రోజన్ పంపి మూసేస్తాం. లోపల ఒత్తిడి ఎంత తగ్గితే, బొగ్గు అంత గ్యాస్ పట్టుకున్నట్టు. ఒకసారి మీటరు ముల్లు ఎంత దిగిందంటే, నేను గంతులేశాను. జర్నల్‌కు పేపర్ పంపాం. కాలేజీ గేటుకు బ్యానర్ కట్టారు. మేడం ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"ఇంత మంచిగ వచ్చిందంటే జర అనుమానపడాలె. ఖాళీ గొట్టం పెట్టి సూద్దాం," అన్నారు.

ఖాళీ గొట్టంలోనూ ముల్లు దిగింది. వాల్వు దగ్గర సన్నటి లీకు. బొగ్గు పట్టుకున్నదనుకున్న గ్యాసంతా బయటికి పోయిందన్నమాట.

నాకు ఏడుపొచ్చింది. థీసిస్ ఇవ్వాల్సిన సమయమది. ప్రిన్సిపాల్ గారు, "ఎవరికి తెలుస్తుందండీ మేడం? మెల్లగా సరిచేసుకోండి," అన్నారు.

"నాకు తెలిసింది గద సార్," అన్నారామె.

ఆ సాయంత్రమే బ్యానర్ దింపించి, పేపర్ వెనక్కి తీసుకున్నారు. కోపంతో కొన్నాళ్లు నేను ఆమెతో సరిగా మాట్లాడలేదు. ఆమె రోజూ నా బల్ల మీద టిఫిన్ డబ్బా పెట్టి, "కోపమున్నా తిను. ఆకలితోని పని కాదు," అని వెళ్లిపోయేవారు.

మళ్లీ అంతా మొదటి నుంచి చేశాం. మామూలు వేడిలో బొగ్గు దాదాపు ఏమీ పట్టలేదు. ద్రవ నైట్రోజన్‌లో ముంచి బాగా చల్లబరిస్తే కొంచెం పట్టింది. ఆ నైట్రోజన్ కూడా పశువుల దవాఖానలో వీర్యం నిల్వకు వాడేదాంట్లోంచి అడిగి తెచ్చిందే. నేను నీరసంగా అంకె చదివితే, "గింతే ఉంటది. గింతే అని రాయి," అన్నారు.

ఇగ పట్టిన గ్యాస్‌ను బొగ్గు వదులుతుందో లేదో చూడాలి. గొట్టాన్ని చలిలోంచి తీసి బల్ల మీద పెట్టాం. దాని మీద తెల్లగా మంచు కట్టి, గది వేడికి కరిగి, బొట్లు బొట్లుగా జారుతోంది. ముల్లు మెల్లగా పైకి కదిలి, ఖాళీ గొట్టంలో వచ్చిన అంకెను దాటింది. మేడం కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ముఖం దగ్గరగా పెట్టి, "వస్తున్నది... సూడు, వస్తున్నది," అన్నారు గుసగుసగా. బల్ల అంచు నుంచి కారిన నీళ్లకు చీర కుచ్చిళ్లు తడుస్తున్నా, ఆమె అక్కడి నుంచి కదల్లేదు.