నేను చదవని మగ్గం పాఠం

ఎం.టెక్ ప్రవేశ పరీక్ష ఫలితం వచ్చేసరికి సూరత్‌లో రెండో విడత కరోనా మొదలవుతున్నది. వందకు పద్దెనిమిది మార్కులు. అర్హతకు కూడా చాలలేదు. టెక్స్‌టైల్ ఇంజనీరింగ్ చదివి, నేత ప్రశ్నల్లోనే ఎక్కువ పోగొట్టుకున్నాను. కారణం నాకు తెలుసు. మొదటి లాక్‌డౌన్ అంతా ఇంట్లో కూర్చుని నూలు, అద్దకం, లెక్కలు అన్నీ చదివాను. నేత పుస్తకం మాత్రం తెరవలేదు. ఇదే ఊళ్లో, ఖటోదరాలో ముప్పై మగ్గాలు నడిపిన ఇంటి మనవడు మగ్గం గురించి ఎవరో రాసింది చదవడమేమిటి అనుకున్నాను. నిజానికి ఆ మగ్గాలు అమ్ముడుపోయేనాటికి నాకు ఆరేళ్లు.

అడిగినవాళ్లకు ఫలితం ఇంకా రాలేదన్నాను. నాన్నకు అబద్ధం చెప్పలేకపోయాను. ఒకప్పుడు మా తాత దగ్గర కార్మికుడిగా చేరి నేత నేర్చుకున్న మనిషికి ఇప్పుడు సొంత కార్ఖానా ఉంది. నాన్న అందులో మగ్గాలు చూసుకునే మేస్త్రీ. నా మార్కులు చూసి, "రేపటి సంది నాతోని కార్ఖానకు రా" అన్నాడు.

"ఆయన కార్ఖానకా? నేను రాను."

"మల్ల పరీక్ష రాస్తవా, రాయవా? గది చెప్పు."

రాయకపోతే ఇచ్ఛాపూర్‌లో ఏదో ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, జీవితాంతం. వెళ్లాను.

కార్ఖానా యజమాని, అందరూ సేఠ్ అనే ఆ మనిషి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. మా కులంవాడే, మాలాగే మా జిల్లా నుంచి సూరత్ వచ్చినవాడే.

"ఏంది చిన్న సేఠ్, మగ్గం మర్చిపోయినవా?"

అంత మోతలోనూ నలుగురు నవ్వడం వినిపించింది.

"చదువుకోనీకి వచ్చిన," అన్నాను.

"అయితే ఈ మగ్గం కాడ నిలవడు. పొద్దుందాక ఎన్నిసార్లు ఆగిందో, ఎందుకు ఆగిందో రాయి. చెయ్యి పెట్టకు, ఖరాబు చేస్తవు."

కుర్చీ వెయ్యలేదు. వారం రోజులు నిలబడి రాశాను. పడుగు పోగు తెగి ఆగేది. పేక నూలు చుట్టిన కండె అయిపోయి ఆగేది. కరెంటు పోయి, నేతగాడు చాయ్‌కి పోయి ఆగేది. కాలేజీలో మగ్గం సామర్థ్యం అని ఒక్క అంకె వేసి వదిలేసింది ఇదంతా కలిపితే వచ్చేదేనని అప్పుడు తెలిసింది. తరువాత సేఠే దగ్గర నిలబడి తెగిన పోగుకు ముడి వెయ్యడం నేర్పాడు. నా ముడి పదేపదే జారిపోయేది.

"నా ముడి జారితె మీ తాత చెయ్యి మీద కొట్టెటోడు. నేను కొడుతలేను, చూసినవా?"

అది దయో, ఎత్తిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఇంకో పోగు అందుకున్నాను. ఇంటికి వచ్చి నేత పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. ఏడాది పొడుగునా అదే పని.

మరుసటి ఏడు పరీక్షలో యాభై రెండు వచ్చాయి. సీటు దొరికింది. నాన్న చెప్పగానే సేఠ్ పేడా మిఠాయి తెప్పించి అందరికీ తనే పంచాడు. కొత్తగా చేరినవాళ్లకు నన్ను చూపించి, "మన మేస్త్రీ కొడుకు. మన కార్ఖానలనే తయారైండు" అన్నాడు.

మా తాత మగ్గాల మాట చెప్పి సరిదిద్దాలని నోరు తెరిచాను. నాన్న నా వైపు చూడకుండానే, "తీసుకో. పెద్దమనిషి చెయ్యి చాపిండు," అన్నాడు.

పేడా తీసుకున్నాను. సేఠ్ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. దండం పెట్టవలసిన మనిషికి తల మాత్రం ఊపి బయటికి వచ్చాను.